థ్రిల్లర్ ఓపెనింగ్‌ని బేరీజు వేయడం ఎలా? స్టూడెంట్ ఫిల్మ్ మొదటి రెండు నిమిషాల మీద సమగ్ర మార్గదర్శి

స్టూడెంట్ టీమ్ తీసే థ్రిల్లర్ ఓపెనింగ్ మామూలుగా రెండు నిమిషాలు ఉంటుంది, సాగదీస్తే మూడు. అందులో ముగింపు ఉండదు, ట్విస్టు విప్పే అవకాశం ఉండదు, పాత్రల గతం చెప్పే తీరికా ఉండదు. అలాంటిదాన్ని చూసి "కథ బాగుంది", "కెమెరా వర్క్ సూపర్", "ఇంకాస్త టెన్షన్ ఉంటే బాగుండేది" అనేస్తే తీసినవాళ్లకి ఒరిగేదేమీ లేదు. ఆ రెండు నిమిషాలకి ఉన్న అసలు పని ఒక్కటే: చూసేవాళ్ల బుర్రలో ఒక ప్రశ్న నాటాలి, దానికి జవాబు తెలిసేదాకా వాళ్లని కదలనివ్వకూడదు. లైటింగ్, ఎడిటింగ్, సంగీతం, టైటిల్స్, నటన ఆ పనికి ఎక్కడ సాయపడ్డాయో, ఎక్కడ అడ్డం పడ్డాయో సాక్ష్యంతో సహా చెప్పగలిగితే అదే మంచి మూల్యాంకనం.

సొంత ఫిల్మ్ మీద రిపోర్టు రాసే విద్యార్థికైనా, మార్కులు వేసే టీచర్‌కైనా, స్నేహితుల పని చూసి అభిప్రాయం చెప్పేవాళ్లకైనా పద్ధతి ఇదే. సొంత ఫిల్మ్ అయితే మాత్రం ఎడిటింగ్ అయిపోయాక రెండు మూడు రోజులు దాని జోలికి వెళ్లకండి. వారాల తరబడి అవే షాట్లు చూసిన కంటికి, తెర మీద లేనిది కూడా ఉన్నట్టే కనిపిస్తుంది.

1. మొదటిసారి ఆపకుండా చూడండి

వీలైనంత పెద్ద తెర, మంచి హెడ్‌ఫోన్స్ లేదా స్పీకర్లు, గదిలో చీకటి. పాజ్ చేయొద్దు, వెనక్కి తిప్పొద్దు, చూస్తూ నోట్స్ రాయొద్దు. అయిపోగానే, ఎవరితోనూ మాట్లాడకముందే నాలుగు విషయాలు రాసేయండి: ఇప్పుడు నాకు ఏం తెలుసుకోవాలనుంది, ఎవరి గురించి భయపడ్డాను, ఏది అర్థం కాలేదు, ఎక్కడ నా ధ్యాస తప్పింది. ఈ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి, ఎందుకంటే మొదటిసారి చూసినప్పటి స్పందన మళ్లీ దొరకదు. తర్వాత ఎన్నిసార్లు చూసినా మీరు తెలిసిన మనిషిగానే చూస్తారు.

"అర్థం కాలేదు" అన్నదాంట్లో రెండు రకాలు ఉంటాయి, వాటిని కలపకండి. ఒక పాత్రకి కవరు వచ్చిందనుకోండి: అది పంపింది ఎవరో అర్థం కాలేదంటే అది థ్రిల్లర్‌కి కావలసిన అయోమయం. ఆ పాత్ర కవరు చింపుతోందా, చదువుతోందా, దాచుతోందా అన్నదే అర్థం కాకపోతే అది తీయడంలో వచ్చిన లోపం. స్టూడెంట్ ఫిల్ముల్లో రెండోదాన్ని మొదటిదిగా సమర్థించుకోవడం చాలా ఎక్కువ. "సస్పెన్స్ కోసమే అలా ఉంచాం" అనే జవాబు వస్తే, చూసేవాళ్లకి పుట్టిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పమనండి. చెప్పలేకపోతే అది సస్పెన్స్ కాదు.

2. ఎవరికి ఎంత తెలుసో లెక్క తేల్చండి

థ్రిల్లర్‌కి ఆయువుపట్టు ఇదే. సస్పెన్స్ సినిమాలకి పేరుమోసిన దర్శకుడు అల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణల్లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకుంటున్నారు, బల్ల కింద బాంబు ఉంది. ఆ సంగతి మనకి చెప్పకుండా అది పేలిపోతే వచ్చేది 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉందని, ఎన్నింటికి పేలుతుందో మనకి ముందే తెలిస్తే, అదే సాదాసీదా మాటల్ని 15 నిమిషాల సేపు ఊపిరి బిగబట్టి వింటాం.

దీన్ని మీ ముందున్న ఓపెనింగ్‌కి అన్వయించి చూడండి. ప్రతి ఘట్టంలోనూ మనకి పాత్ర కన్నా ఎక్కువ తెలుసా, సమానంగా తెలుసా, తక్కువ తెలుసా? ఎక్కువ తెలిస్తే సస్పెన్స్, తక్కువ తెలిస్తే మిస్టరీ, ఇద్దరికీ ఒకేసారి తెలిస్తే షాక్. మూడూ పనికొచ్చేవే. కానీ రెండు నిమిషాల్లో ఒక్క షాక్ కోసం మొత్తం కథని పణంగా పెట్టే టీమ్‌లు ఎక్కువ. 1 నిమిషం 50 సెకన్ల పాటు ఎవరో నడుస్తూ ఉంటారు, చివరి పది సెకన్లలో వెనక నుంచి ఒక చెయ్యి పడుతుంది, టైటిల్ పడుతుంది. ఆ నడకంతా మనం దేనికి భయపడాలో ఎవరూ చెప్పలేదు, కాబట్టి భయం పుట్టదు, విసుగు పుడుతుంది. ఆ చేతి మనిషిని ముందే ఒక మూల రెండు సెకన్లు చూపించి ఉంటే, అదే నడక, అదే లొకేషన్, అదే నటితో సీను నిలబడేది. మూల్యాంకనంలో రాయాల్సింది ఇలాంటి మాట.

3. షాట్ లాగ్ తయారు చేయండి

ఇది కాస్త శ్రమతో కూడిన పని, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా అభిప్రాయంగానే మిగిలిపోతుంది. ఫిల్మ్‌ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో, ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపే ప్లేయర్‌లోనో పెట్టుకుని ప్రతి కట్ దగ్గరా ఆగండి. షాట్ నంబరు, మొదలైన సమయం, ముగిసిన సమయం, షాట్ సైజు (మనిషి ఎంత దగ్గరగా కనిపిస్తున్నాడన్నది), కెమెరా కదలిక, వినిపించే శబ్దం రాసుకోండి. వీటన్నిటికన్నా ముఖ్యమైన గడి ఇంకొకటి ఉంది: ఈ షాట్ కొత్తగా చెప్పిందేమిటి?

ఒక ఊహా ఓపెనింగ్‌లోంచి అర నిమిషం ముక్క తీసుకుందాం. గదిలో ఒంటరిగా ఉన్న అమ్మాయికి ఒక కవరు వస్తుంది. లోపల ఫోటో, తను నిద్రపోతుండగా ఎవరో తీసింది. ఫోటోలో తను వేసుకున్న చొక్కా, ఇప్పుడు ఒంటి మీద ఉన్న చొక్కా ఒకటే. అంటే ఆ ఫోటో తీసింది ఇందాకే.

షాట్ 9, 0:31 నుంచి 0:38: మిడ్ షాట్ (మనిషి నడుము నుంచి పైకి కనిపించేది). బల్ల మీద తల పెట్టి నిద్రపోతున్న అమ్మాయి ఉలిక్కిపడి లేస్తుంది. కొత్త సంగతి: ఒంటరిగా ఉంది, ఇప్పటిదాకా నిద్రలో ఉంది.
షాట్ 10, 0:38 నుంచి 0:43: తలుపు కింద నుంచి కవరు లోపలికి జారుతుంది, క్లోజప్. కొత్త సంగతి: బయట ఎవరో ఉన్నారు.
షాట్ 11, 0:43 నుంచి 0:52: మిడ్ షాట్. కవరు తీసుకుని చింపుతుంది. కొత్త సంగతి: ఏమీ లేదు.
షాట్ 12, 0:52 నుంచి 0:53: ఫోటో క్లోజప్. కొత్త సంగతి: కథ మొత్తం ఇక్కడే ఉంది.
షాట్ 13, 0:53 నుంచి 0:59: ముఖం క్లోజప్, కళ్లు పెద్దవి చేసి భయపడుతుంది. పెద్ద మ్యూజిక్ హిట్, అది 0:51 దగ్గరే మొదలైంది.

లాగ్ రాయకముందు ఈ సీను గురించి "ఏదో తేడా కొడుతోంది" అని మాత్రమే అనగలిగేవాళ్లం. ఇప్పుడు తేడా ఎక్కడుందో కళ్లకి కడుతోంది. కవరు చింపడానికి తొమ్మిది సెకన్లు ఇచ్చారు, అసలు ఫోటోకి ఒక్క సెకను ఇచ్చారు. ఆ ఒక్క సెకనులో చూసేవాళ్లు ఫోటోలో మనిషిని గుర్తుపట్టేలోపే షాట్ అయిపోతుంది, ఇక చొక్కా దాకా ఎక్కడ వెళ్తారు? పైగా ఫోటో కనిపించడానికి ఒక సెకను ముందే మ్యూజిక్ మోగి "ఇదిగో భయపడండి" అని చెప్పేసింది. బాగుచేయడం పెద్ద పనేం కాదు: చింపడం నాలుగు సెకన్లు, ఫోటో నాలుగు సెకన్లు, ఆ తర్వాత ఆమె చెయ్యి తన చొక్కా అంచుని తడుముకునే షాట్ రెండు సెకన్లు, మ్యూజిక్ అప్పుడు. మొత్తం అవే పది సెకన్లు, నిడివి ఒక్క క్షణం కూడా పెరగలేదు. ఆ చొక్కా మీద ఇట్టే గుర్తుపట్టగలిగే అడ్డచారలు ఉంటే ఇంకా తేలికయ్యేది, అది కాస్ట్యూమ్ దగ్గర తీసుకోవాల్సిన నిర్ణయం.

లాగ్ పూర్తయ్యాక మొత్తం సెకన్లని షాట్ల సంఖ్యతో భాగించండి. 120 సెకన్లలో 30 షాట్లు ఉంటే సగటు 4 సెకన్లు. ఈ సంఖ్య తక్కువ ఉంటే మంచిదని, ఎక్కువ ఉంటే చెడ్డదని కాదు. చూడాల్సింది లయ మారుతోందా లేదా అని. ముప్పు దగ్గరపడే కొద్దీ షాట్లు పొట్టివవుతున్నాయా, లేక కావాలనే ఒక పొడవాటి షాట్‌లో మనల్ని ఇరికించారా? మొదటి నుంచి చివరిదాకా అన్నీ మూడేసి సెకన్లే ఉంటే ఎడిటింగ్ కథని వినలేదని అర్థం.

4. శబ్దం ఆపేసి చూడండి

మ్యూట్‌లో చూస్తే బొమ్మ సొంత కాళ్ల మీద నిలబడగలదో లేదో తెలిసిపోతుంది. కథ అర్థమవుతోందా, కన్ను ఫ్రేమ్‌లో ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్తోందా అన్నది ముందు చూడండి.

తర్వాత కంటిన్యుటీ, అంటే ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కి అతుకు కనపడకుండా సాగడం. ఇద్దరు మనుషుల మధ్య ఒక గీత ఉందనుకుంటే కెమెరా దానికి ఒకే పక్కన ఉండాలి, 180 డిగ్రీల రూల్ అంటే అదే. వెంబడించే సీన్లలో ఇది మరీ ముఖ్యం: పారిపోయే మనిషి తెర మీద ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంటే తరిమేవాడూ అటే పరుగెత్తాలి, లేకపోతే ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకోబోతున్నట్టు ఉంటుంది. ఒకే మనిషి మీద రెండు షాట్లు కట్ చేసినప్పుడు కోణం కనీసం 30 డిగ్రీలు మారకపోతే బొమ్మ జర్క్ ఇచ్చినట్టు అనిపిస్తుంది. ఈ రూల్స్‌ని కావాలని తప్పొచ్చు, పాత్ర మతి చెదిరిందని చెప్పడానికి తప్పిన టీమ్‌ని మెచ్చుకోవాలి కూడా. కానీ అది కావాలని చేసిందైతే ఆ ఒక్క ఘట్టంలోనే కనిపిస్తుంది, పొరపాటైతే ఎక్కడపడితే అక్కడ ఉంటుంది.

చీకటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. థ్రిల్లర్ కదా అని లైట్లన్నీ ఆర్పేసి తీస్తే వచ్చేది మూడ్ కాదు, నాయిస్. వెలుతురు చాలక కెమెరా ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచేసి బొమ్మంతా గరుకుగా, ఇసుక చల్లినట్టు తయారవుతుంది. తక్కువ వెలుగులో తీయడమంటే వెలుగు లేకుండా తీయడం కాదు: ఎక్కడ వెలుగు పడాలో, ఎక్కడ పడకూడదో ఎంచుకోవడం. ముఖంలో సగమే కనిపిస్తున్నా ఆ సగం స్పష్టంగా ఉందా? వెనకున్న చీకట్లో ఏదో ఉందనిపించేంత వివరం మిగిలిందా? ఫోన్‌తో తీసినవాటిలో మరో రెండు చూసుకోండి: షాట్ మధ్యలో ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుగు) దానంతటదే పెరిగి తగ్గడం, ఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఊగడం. రెంటినీ ఫోన్‌లో లాక్ చేసే వీలుంది, కాబట్టి ఇది పరికరం చౌకదవడం వల్ల వచ్చిన లోపం కాదు. మార్కులు వేసేవాళ్లు ఈ తేడా పట్టించుకోవాలి. ఖరీదైన కెమెరా లేనందుకు మార్కులు తగ్గించకూడదు, ఉన్నదాన్ని వాడుకోనందుకు తగ్గించవచ్చు.

ఫ్రేములో ఖాళీని కూడా చూడండి. మనిషి వీపు వెనక ఖాళీ ఎక్కువ వదిలితే అందులోంచి ఎవరో వస్తారేమోనని కన్ను దానంతటదే కాపలా కాస్తుంది. ఒక్క పైసా ఖర్చు లేని టెన్షన్ ఇది.

5. కళ్లు మూసుకుని వినండి

నా ఉద్దేశంలో స్టూడెంట్ థ్రిల్లర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. బొమ్మ కాస్త వణికినా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం సర్దుకోరు.

ముందు డైలాగ్: మొదటిసారే అర్థమైందా? పగిలిన శబ్దం వస్తోందా? డిజిటల్ రికార్డింగ్‌లో మీటరు సున్నా డెసిబెల్స్‌ని తాకితే శబ్దం చిట్లిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. అందుకే మాటలు మైనస్ 12 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండేలా రికార్డ్ చేసుకుంటారు. తర్వాత గది శబ్దం. ప్రతి గదికీ తనదైన ఒక సన్నని హోరు ఉంటుంది, కట్ పడిన ప్రతిసారీ అది మారిపోతున్నా, మధ్యలో పూర్తిగా ఆగిపోతున్నా వినేవాళ్లకి కారణం తెలియదు గానీ ఏదో అతికించినట్టు ఉందనిపిస్తుంది. లొకేషన్‌లో అందరూ నిశ్శబ్దంగా నిలబడి ఒక అర నిమిషం ఖాళీ శబ్దం రికార్డ్ చేసి పెట్టుకున్న టీమ్‌కి ఈ బాధ ఉండదు.

నేపథ్య సంగీతం మొదటి సెకను నుంచి చివరిదాకా ఆగకుండా మోగుతోందా? అయితే అది టెన్షన్ పెంచడం లేదు, కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. సంగీతం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో, ఆ ఆగడం వల్ల ఏం వినిపించిందో రాయండి. తాళం తిరిగే చప్పుడు, అడుగుల చప్పుడు ఆగిపోవడం, పక్క గదిలో కుర్చీ జరగడం లాంటివి ఏ బీజీఎం కన్నా గట్టిగా పనిచేస్తాయి. తర్వాతి షాట్ శబ్దాన్ని ముందే వినిపించే జే కట్, ముందు షాట్ శబ్దాన్ని తర్వాతి షాట్ మీదికి సాగదీసే ఎల్ కట్ ఎక్కడైనా వాడారేమో గమనించండి. వాడితే వాళ్లు ఎడిటింగ్‌ని చెవితో కూడా ఆలోచించారన్నమాట. సంగీతం వేరేవాళ్లదైతే లైసెన్సు ఏమిటో, పేరు వేశారో లేదో కూడా చూడాలి.

6. నటన, లొకేషన్, వస్తువులు

సుమారు వందేళ్ల కిందట సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ చేసిన ప్రయోగం తెలిసే ఉంటుంది: ఒకే ముఖం షాట్‌ని సూపు గిన్నె, శవపేటిక, ఒక స్త్రీ షాట్ల పక్కన పెడితే, చూసినవాళ్లు ఆ ముఖంలో ఆకలిని, దుఃఖాన్ని, కోరికని చూశారట. కొత్తగా నటించేవాళ్లకి ఇది పెద్ద ఊరట. పైన చెప్పిన షాట్ 13లో అమ్మాయి కళ్లు పెద్దవి చేయనక్కర్లేదు, ఫోటో షాట్ సరిగ్గా పడితే ఆమె కదలకుండా ఉన్నా భయం మనమే నింపుకుంటాం. కాబట్టి "నటన అతిగా ఉంది" అని రాసే ముందు, ఆ అతి అవసరం ఎందుకు వచ్చిందో ఎడిటింగ్‌లో వెతకండి.

లొకేషన్ గురించి ఒక్క ప్రశ్న చాలు: ఈ కథ ఈ చోటే ఎందుకు జరగాలి? వస్తువుల్లో కథకి పనికొచ్చేవి, ఊరికే పడి ఉన్నవి విడదీయండి.

7. టైటిల్స్

చాలా టీమ్‌లు చివరి రాత్రి హడావిడిగా అతికించేవి ఇవే. నిర్మాణ సంస్థ పేరు ముందు, తర్వాత ముఖ్య నటులు, సినిమా పేరు, ఆపైన సాంకేతిక నిపుణులు, చివరగా దర్శకుడు, స్థూలంగా ఇదీ వరుస. వరుస మార్చొచ్చు, కానీ అక్షరాలు నిదానంగా చదవగలిగేంత సేపు ఉండాలి, ముఖం మీద పడకూడదు, కీలకమైన కదలిక జరుగుతుండగా కన్నుని పక్కకి లాక్కోకూడదు. షాట్ 12 మీద ఎడిటర్ పేరు పడితే ఆ ఫోటో ఎవరూ చూడరు. స్పెల్లింగ్ తప్పులుంటే నిర్మొహమాటంగా మార్కులు తగ్గించండి.

8. థ్రిల్లర్ లక్షణాలు, మనుషుల్ని చూపిన తీరు

హుడీ వేసుకున్న ఆకారం, కత్తి, సీసీ కెమెరా దృశ్యం, మోగే ఫోన్, గోడ నిండా అతికించిన ఫోటోలు. ఇవి ఉన్నాయని జాబితా రాయడం మూల్యాంకనం కాదు. ప్రతిదాని పక్కన వాళ్లు దాన్ని అలాగే వాడారా, కొంచెం మార్చారా, తలకిందులు చేశారా అని రాసి, దానివల్ల మన ఊహ ఎటు వెళ్లిందో చెప్పండి. మన ఊహని ఒక వైపు నడిపించి మరో వైపు తిప్పగలిగినప్పుడే లక్షణాలు తెలిసినట్టు.

ఇంకొక్క సంగతి, దీన్ని దాటేయొద్దు. బాధితురాలు ఎప్పుడూ అమ్మాయే ఎందుకయింది? హంతకుడికి మానసిక జబ్బు ఉన్నట్టు చూపించడానికి కథలో కారణం ఉందా, లేక అది తేలిగ్గా దొరికిన దారా? పేదగా కనిపించే మనిషిని, ఒంటి మీద మచ్చలున్న మనిషిని చూడగానే అనుమానించేలా తీశారా? తీసినవాళ్లకి దురుద్దేశం ఉండకపోవచ్చు, చూసిన సినిమాల్లోంచి అలవాటుగా వచ్చేసి ఉంటుంది. అందుకే మూల్యాంకనంలో అడగాలి. తప్పు పట్టే గొంతుతో కాదు, వేరే ఎంపిక ఏముండేదో కలిసి ఆలోచించేలా.

9. బయటివాళ్లకి చూపించండి

టీమ్‌లో లేనివాళ్లు, కథ తెలియనివాళ్లు ఐదారుగురు చాలు. ముందు ఏమీ వివరించకండి, చూస్తున్నప్పుడు వాళ్ల ముఖాలు చూడండి, ఎవరు ఏ సమయంలో పక్కకి చూశారో, ఫోన్ తీశారో రాసుకోండి. ఆ తర్వాత విడివిడిగా ఐదు ప్రశ్నలు అడగండి: ఇప్పుడు ఏం జరిగింది, తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు, ఎవరి పక్షాన ఉన్నారు, ఎక్కడ ఎక్కువ ఉత్కంఠగా అనిపించింది, ఎక్కడ అర్థం కాలేదు. "నచ్చిందా?" అని అడగొద్దు, మొహమాటానికి అందరూ నచ్చిందనే అంటారు. గుంపుగా అడిగినా అంతే, మొదట మాట్లాడినవాళ్ల మాటే మిగతావాళ్లదీ అవుతుంది. ప్రేక్షకులు ఇచ్చే సలహాల కన్నా వాళ్లకి అనిపించినదాన్ని నమ్మండి. "ఇక్కడ బోరు కొట్టింది" అన్నది నిజం, "ఇక్కడ ఫైట్ పెట్టండి" అన్నది వాళ్ల ఊహ.

10. రాయడం, మార్కులు వేయడం

ప్రతి వ్యాఖ్యలో సమయం, తెర మీద ఉన్నది, చూసేవాళ్ల మీద దాని ప్రభావం, కారణం ఉండాలి. "భయం కలిగించడానికి తక్కువ వెలుగు, క్లోజప్‌లు వాడారు" అనే వాక్యం ఏ థ్రిల్లర్‌కైనా అతుకుతుంది, అంటే దీని గురించి ఏమీ చెప్పనట్టే. దాని బదులు ఇలా రాయొచ్చు: "0:38 దగ్గర నేల చీకట్లో ఉండి తలుపు కింది సందులో మాత్రమే వెలుగు ఉంది, ఆ వెలుగుకి ఒక నీడ అడ్డం పడ్డాక కవరు జారడంతో, బయట నిలబడ్డ మనిషి కనపడకుండానే ఉన్నాడని తెలిసింది. అయితే కవరు వచ్చాక నీడ వెళ్లిపోవడం చూపించలేదు కాబట్టి అతను ఇంకా అక్కడే ఉన్నాడా అన్న ప్రశ్నని తర్వాతి షాట్లు వాడుకోలేదు."

మార్కులకి సంస్థ ఇచ్చిన పట్టిక ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే నా లెక్క ఇది: సస్పెన్స్, కథనం 30, కెమెరా, లైటింగ్ 20, శబ్దం 20, ఎడిటింగ్ 15, నటన, లొకేషన్, కాస్ట్యూమ్స్ 10, టైటిల్స్ 5. శబ్దానికి కెమెరాతో సమానంగా ఇవ్వడం కొందరికి ఎక్కువ అనిపిస్తుంది, ఐదో మెట్టు చేసి చూశాక అనిపించదు. సొంత ఫిల్మ్ అయితే స్టోరీబోర్డుని (షూటింగ్‌కి ముందు గీసుకున్న షాట్ల బొమ్మల్ని) పక్కన పెట్టుకుని ఏ షాట్ మారిందో, ఎందుకు మారిందో కూడా రాయండి. వాన పడి మార్చిందానికీ, ఎడిటింగ్‌లో మెరుగైన దారి దొరికి మార్చిందానికీ తేడా చెప్పగలిగితే మీరు ఏం నేర్చుకున్నారో విడిగా ఒక పేరా రాయనక్కర్లేదు.

టీమ్‌కి చెప్పేటప్పుడు కనిపెట్టిన ముప్పై లోపాలూ ఒకేసారి కుమ్మరించకండి. బాగా కుదిరిన ఒక ఘట్టాన్ని టైమ్‌తో సహా చెప్పి, మూడు మార్పులు ఇవ్వండి: ఒకటి ఇప్పుడే ఎడిటింగ్‌లో సరిచేయగలిగేది, ఒకటి శబ్దంలో, ఒకటి మళ్లీ షూట్ చేస్తే తప్ప కుదరనిది. పాత వెర్షన్ ఫైలు డిలీట్ చేయొద్దని చెప్పండి. కొత్త కట్ సిద్ధమయ్యాక దాన్ని మొదటిది చూడనివాళ్లకే చూపించి, అవే ఐదు ప్రశ్నలు అడిగి, రెండు సార్ల జవాబులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.